ముందు గాయం... ఆ తర్వాతే ప్రశ్న

‘రేపు సాయంత్రం నాలుగింటికి హాల్లో ఓ గంట మాట్లాడాలి మేడమ్. పిల్లలు తమను తామే గాయపరచుకుంటున్నారు కదా, దాని గురించి. టీచర్లు, వార్డెన్లు, పేరెంట్స్... అందరూ వస్తారు.’

ప్రిన్సిపాల్ గదిలోంచి ఇలా కబురొచ్చిన కౌన్సెలర్‌కి ఆ రాత్రి నిద్రపట్టడం కష్టమే. ఎదురుగా కూర్చున్న ఒక్క బిడ్డతో మాట్లాడటం అలవాటైన పని. రెండొందల మంది ముందు మైకు పట్టుకుని, ఇళ్లలో గుసగుసగా అనడానికి కూడా భయపడే మాటను పైకి అనడం... అది మాత్రం కొత్త.

ఈ ‘మొదటిసారి’ ఇప్పుడు చాలామందికి ఎదురయ్యేదే. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023 జులైలో చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. ఆ సందర్భంగానే దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ కొన్ని మార్గదర్శకాలు పెట్టింది. వాటిలో ఒకటి శిక్షణ గురించి. పాఠాలు చెప్పేవాళ్లే కాదు, చెప్పని సిబ్బంది కూడా ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్య నిపుణుల దగ్గర శిక్షణ తీసుకోవాలి. మనసుకు ప్రథమ చికిత్స ఎలా చేయాలి, ప్రమాద సంకేతాల్ని ఎలా పసిగట్టాలి, విద్యార్థి తనకు తాను హాని చేసుకుంటే ఎలా స్పందించాలి, ఎక్కడికి పంపాలి... ఇవన్నీ నేర్పాలి.

ఆదేశం కాగితం మీద బాగానే ఉంది. మరి ఆ హాల్లో ఏం చెప్పాలి? అంతకన్నా ముందు, ఏం చెప్పకూడదు?

బొమ్మలు వద్దు

మొదటిసారి మాట్లాడేవారికి ముందుగా తట్టే ఆలోచన ఇంటర్నెట్లో ఫొటోలు వెతకడం. తెరమీద గాయాల బొమ్మలు పడితే హాలంతా నిశ్శబ్దమైపోతుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి శ్రద్ధగా వింటున్నారని సంబరపడతారు. నిజానికి సగంమంది భయంతో తల తిప్పుకుంటారు. మిగతా సగంలో ఎవరో ఒకరికి పాత గాయం మళ్లీ సలపడం మొదలవుతుంది.

ఎందుకంటే ఆ బాధ తెలిసినవాళ్లు ఆ కుర్చీల్లోనే ఉంటారు. చనిపోవాలన్న ఉద్దేశం లేకుండా తమను తాము గాయపరచుకునేవారి గురించి పలు దేశాల అధ్యయనాలన్నీ కలిపి 2014లో ఓ లెక్క తీశారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అలా చేసినవారు టీనేజీ పిల్లల్లో 17.2 శాతం. అంటే దాదాపు ఆరుగురిలో ఒకరు. పెద్దవాళ్లలో 5.5 శాతం. రెండొందల మంది పెద్దవాళ్లున్న హాలుకు ఆ లెక్క వేసుకుంటే పదీ పదకొండు మంది! అందులో లెక్కల మాస్టారుండొచ్చు, వార్డెనమ్మ ఉండొచ్చు, ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చున్న తల్లి ఉండొచ్చు. ‘ఇలాంటి పిల్లలు...’ అని మొదలుపెడితే ఆ పదిమందీ లోపల ముడుచుకుపోతారు.

ఏ వస్తువుతో, ఎక్కడ, ఎలా అన్న వివరాలు కూడా వద్దు. అవి విన్నందువల్ల తల్లికి కలిగే లాభం ఏమీ లేదు. వినకూడని బిడ్డ చెవిన పడితే మాత్రం నష్టం. ఒకరిని చూసి ఒకరు చేయడం హాస్టళ్లలో అరుదేమీ కాదు.

‘మీలో ఎవరికైనా ఈ అనుభవం ఉందా, చేతులెత్తండి’ అని అడగడం ఇంకో తప్పు. ఈ బాధకు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న డీబీటీ అనే చికిత్సను రూపొందించింది అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్షా లైనహాన్. ఆమె టీనేజీలో ఉండగా హార్ట్‌ఫర్డ్ పట్టణంలోని ఓ మానసిక వైద్యశాలలో చేరారు. తనను తాను గాయపరచుకున్న ఆ అమ్మాయి తానేనని ఆమె అందరి ముందూ చెప్పింది 2011లో. అప్పటికి ఆమె వయసు 68. అంతటి నిపుణురాలికే నలభై ఏళ్లు పైన పట్టిన పనిని మన కాలేజీ హాల్లో చేతులెత్తి నిమిషంలో చేయమంటే ఎవరు చేస్తారు?

డాక్టర్లకే పాఠం చెప్పారు

ఈ విషయంలో నలుగురి ముందూ నిలబడి మాట్లాడటం అనగానే గుర్తుచేసుకోవాల్సిన ఊరు లండన్. 1989లో అక్కడ ఓ సదస్సు జరిగింది. ‘సర్వైవర్స్ స్పీక్ అవుట్’ అనే సంస్థ పెట్టింది. మానసిక వైద్యశాలల్లో రోగులుగా ఉండి వచ్చినవాళ్లు నడిపే సంస్థ అది. అప్పటిదాకా ఇలాంటి సభల్లో వేదిక మీద డాక్టర్లుండేవారు, రోగుల గురించి మాట్లాడేవారు. ఆ రోజు లూయీస్ పెంబ్రోక్ లాంటివాళ్లు తమ గాయాల గురించి తామే మాట్లాడారు. అలాంటి అనుభవాలను ఆమె 1994లో పుస్తకంగా తెచ్చారు.

వాళ్ల ఫిర్యాదులు వింటే మనసు చివుక్కుమంటుంది. ఎమర్జెన్సీ వార్డుకు వెళ్తే ‘నువ్వు చేసుకున్నదేగా’ అనడం. నిజమైన రోగులున్నారు ఆగమనడం. అన్నింటికన్నా ఘోరం... మత్తు ఇవ్వకుండా కుట్లు వేయడం! నొప్పి కావాలనే కదా చేసుకుంది, అన్న ధోరణి.

పదిహేనేళ్లు గడిచాయి. 2004లో బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ అనే సంస్థ ఈ విషయంపై మార్గదర్శకాలు ఇచ్చింది. తనను తాను గాయపరచుకుని వచ్చిన మనిషికి కుట్లు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా తగినంత మత్తు ఇవ్వాలని అందులో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చింది. వేరే ఏ గాయానికైనా ఇలా రాయాల్సిన అవసరం ఉంటుందా? కాలు విరిగినవాడికి మత్తు ఇవ్వండి అని ఎవరైనా డాక్టరుకు చెబుతారా?

ఆసుపత్రి సంగతి అటుంచి ఇంటికొద్దాం. మత్తు లేకుండా కుట్లు వేయడం ఇళ్లలో కూడా జరుగుతుంది. సూదితో కాదు, మాటలతో. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా విప్పని కూతురి మోచేతి మీద గీతలు అమ్మ కంటపడతాయి. ‘ఏంటే ఇది? నీకేం తక్కువ చేశాం? నలుగురికీ తెలిస్తే మా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?’ కొడుకైతే నాన్న ప్రశ్న ఇంకోలా ఉంటుంది. ‘మగపిల్లాడివేనా నువ్వు?’ అమ్మానాన్నలు చెడ్డవాళ్లు కాదు. భయం అలా మాట్లాడిస్తుంది. గుండె గుభేల్మన్నప్పుడు నోట్లోంచి వచ్చేది తిట్టే. కానీ ఆ బిడ్డ అప్పటికే తనను తాను వందసార్లు తిట్టుకుని ఉంటుంది. నూటొకటోది అమ్మ తిట్టు.

గంటలో ఏది ముఖ్యం?

నిపుణులు కాని మామూలు జనానికి ఇలాంటివి నేర్పవచ్చా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఆస్ట్రేలియాలో బెటీ కిచెనర్, టోనీ జోర్మ్ అనే దంపతులు దానికి జవాబు చూపించారు. ఆమె నర్సు, టీచరు కూడా. స్వయంగా డిప్రెషన్ అనుభవించిన మనిషి. ఆయన మానసిక ఆరోగ్య పరిశోధకుడు. ఒంటికి దెబ్బ తగిలితే ప్రథమ చికిత్స నేర్పుతున్నాం, మనసుకు తగిలితే ఎందుకు నేర్పడం లేదు అన్న ప్రశ్నతో 2000లో కాన్‌బెరాలో ‘మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్’ మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు మామూలు జనం. 210 మందిని పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. సాయం చేయగలమన్న ధైర్యం పెరిగింది, ఇతరులకు చేసే సాయం పెరిగింది, బాధలో ఉన్నవారిని దూరం పెట్టే ధోరణి తగ్గింది. ఆ బృందమే 2008లో, తమను గాయపరచుకునేవారికి ప్రథమ సాయం ఎలా చేయాలన్న మార్గదర్శకాలు తయారుచేసింది. ఏ సలహా ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది వైద్యులతోపాటు ఆ బాధ పడినవాళ్లు కూడా కలిసి తేల్చారు.

ఒక్క సంగతి. కాన్‌బెరాలో ఆ మొదటి కోర్సు తొమ్మిది గంటలు. మన కాలేజీలో ఇచ్చేది గంట, అందులో పావుగంట దీపం వెలిగించడానికీ శాలువా కప్పడానికీ పోతుంది. మార్చి 1న స్వీయ గాయాలపై అవగాహన దినమంటూ నారింజరంగు రిబ్బన్ పెట్టుకునేవారు కూడా ఉన్నారు. పెట్టుకోవచ్చు, తప్పేం లేదు. రిబ్బన్ పెట్టుకుని గ్రూప్ ఫొటో దిగేసరికి ఇంకో పావుగంట. మిగిలిన అరగంటలో మనస్తత్వ శాస్త్రం మొత్తం చెప్పాలనుకుంటే ఏదీ మిగలదు. గాయం కంటపడిన మొదటి ఐదు నిమిషాల్లో పెద్దవాళ్లు ఏం చేయాలన్నది ఒక్కటి నేర్పగలిగితే ఆ సెషన్ గట్టెక్కినట్టే.

దానికి ముందు ‘ఎందుకు చేస్తారు’ అన్నదానికి మాత్రం కాస్త సమయం ఇవ్వక తప్పదు. లేకపోతే ‘నాటకాలు’ అన్న మాట హాల్లోంచి పోదు. పరిశోధనల్లో ఎక్కువగా కనిపించే కారణం ఒకటే. భరించలేని ఆవేదన కాసేపైనా తగ్గుతుంది. కొందరికి అది తమను తాము శిక్షించుకోవడం. ఇంకొందరికి మనసంతా మొద్దుబారిపోయి ఏమీ తెలియనప్పుడు, బతికే ఉన్నానని తెలియడం. ఆ ఉపశమనం ఎక్కువసేపు ఉండదు. వెనకే సిగ్గు వస్తుంది, తప్పు చేశానన్న బాధ వస్తుంది. ఆ బాధ తట్టుకోలేక మళ్లీ అదే. దృష్టి కోసమే అయితే వేసవిలో పొడుగు చేతులు ఎందుకు? బాత్రూమ్ గడియ ఎందుకు? డయానా యువరాణి 1995లో బీబీసీ ఇంటర్వ్యూలో తన చేతులూ కాళ్లూ గాయపరచుకున్నానని చెప్పారు. ప్రపంచంలో ఆమెకన్నా ఎక్కువ కెమెరాలు ఎవరి వెంట పడ్డాయి? ఆమెకు దృష్టి కరువా?

ఇక అసలు పని. దీన్ని ఉపన్యాసంగా కాకుండా ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి పలికించాలి. ఒకరు అమ్మ, ఒకరు కూతురు. ఒకరు వార్డెన్, ఒకరు ఇంటర్ కుర్రాడు. మొదట నవ్వులాటగానే ఉంటుంది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంటారు. రెండోసారికి నవ్వు తగ్గుతుంది. మూడోసారికి ఎవరో ఒకరి గొంతు పూడుకుపోతుంది.

పలకాల్సిన మొదటి మాట గాయం గురించే. ‘నొప్పిగా ఉందా? రా, ముందు కడుగుదాం.’ అంతే. మంచినీళ్లతో కడగడం, రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టడం, ఆగకపోయినా లోతుగా ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లడం. బిడ్డ ఏదైనా మింగిందని తెలిస్తే మాత్రం, పైకి బాగానే కనిపిస్తున్నా సరే, ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ పనులు చేస్తున్నంతసేపూ ‘ఎందుకు’ అన్న ప్రశ్న వద్దు. చేతులు పనిలో ఉంటే అమ్మకీ కాస్త ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది.

తర్వాత పక్కన కూర్చోవాలి. ఎదురుగా కాదు, పక్కన. ‘ఇప్పుడే అంతా చెప్పక్కర్లేదమ్మా. చెప్పాలనిపించినప్పుడు వింటాను. నేనెక్కడికీ పోను.’ ఇలాంటి మాట మన ఇళ్లలో అలవాటు లేదు. అందుకే పలికించి చూడాలి. చాలామంది నాన్నలకు ఈ వాక్యం నోరు తిరగదు. వాళ్లను బలవంతపెట్టక్కర్లేదు. ‘అన్నం తిన్నావా?’ అని అడిగి పక్కన కూర్చున్నా ఆ బిడ్డకు అర్థమవుతుంది.

ఆ పైన ఒక ప్రశ్న మాత్రం తప్పించుకోకూడదు. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా?’ ఇదే మాటల్లో, సూటిగా. ఈ వాక్యం దగ్గర హాలు మొత్తం బిగుసుకుపోతుంది. లేనిపోని ఆలోచన మనమే పెట్టినట్టు అవుతుందేమోనన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లకు చెందిన 2,342 మంది విద్యార్థుల మీద ఇదే భయాన్ని పరీక్షించారు. మడలిన్ గౌల్డ్ బృందం 2005లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగిన పిల్లల్లో అడగనివారికన్నా ఆందోళన పెరగలేదు, ఆలోచనలూ పెరగలేదు. అడగడం వల్ల ముప్పు లేదు. జవాబు ‘అవును’ అయితే ఆ బిడ్డను ఒంటరిగా వదలకుండా అదేరోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ‘కాదు’ అన్నా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, కాకపోతే ఆ పరుగు ఉండదు. స్వీయ గాయం, ఆత్మహత్యాయత్నం ఒకటి కావు. కానీ మొదటిది ఉన్నవారిలో రెండో ముప్పు ఎక్కువ. ఈ రెండు మాటలూ కలిపే చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి వదిలేయకూడదు.

ఒట్టు వేయించొద్దు

మన ఇళ్లకే ప్రత్యేకమైన ఓ మందు ఉంది. ‘నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ చేయనని చెప్పు.’ బిడ్డ చేతిని తన తలమీద పెట్టించుకుని అమ్మ అడుగుతుంది. బిడ్డ ఒట్టేస్తుంది. ఆ క్షణంలో నిజంగానే వేస్తుంది. పది రోజుల తర్వాత ఓ రాత్రి మళ్లీ తట్టుకోలేకపోతుంది. ఇప్పుడు గాయం ఒక్కటే కాదు, అమ్మ మీద వేసిన ఒట్టు తప్పిన పాపం కూడా. అమ్మకు ఏమైనా అవుతుందేమోనన్న భయం కూడా. ఈసారి దాచిపెడుతుంది, ఇంకా గట్టిగా దాచిపెడుతుంది. ఒట్టు ఆపేది గాయాన్ని కాదు, గాయం గురించి చెప్పడాన్ని.

రోజూ రాత్రి చేతులు చూపించమనడం, గదంతా సోదా చేయడం, తలుపు గడియ ఊడబీకడం కూడా ఈ కోవలోవే. ఇంట్లో ప్రమాదకరమైనవి అందుబాటులో లేకుండా చూసుకోవడం మంచిదే. బిడ్డకు చెప్పి, బిడ్డతో కలిసి చేస్తే అది జాగ్రత్త. చెప్పకుండా చేస్తే పోలీసు తనిఖీ.

పిన్నికీ పెద్దమ్మకీ ఫోన్ చేయడం ఇంకొకటి. తల్లికి గుండె బరువు దించుకోవాలని ఉంటుంది, పాపం. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కూడా. కానీ దసరాకి వెళ్లినప్పుడు పెద్దమ్మ కళ్లు నేరుగా ఆ పిల్ల మోచేతి మీదికి వెళ్తే ఆ ఇంట్లో ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. ఎవరికి చెప్పబోతున్నారో ముందు బిడ్డకు చెప్పాలి. టీచర్లకు ఈ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి మేడమ్’ అని పిల్లలు అడుగుతారు. ఆ మాట ఇవ్వకూడదు. ‘నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే చెప్పక తప్పదు. చెప్పేముందు నీకు చెబుతాను’... ఇంతవరకే.

దిష్టి తీయించి, తాయెత్తు కట్టించామని హాల్లో ఎవరైనా అంటే నవ్వడం తెలివితక్కువతనం. ఆ తల్లి ఏదో ఒకటి చేస్తోంది, చేతులు ముడుచుకుని కూర్చోలేదు. తాయెత్తు ఉండనిచ్చి, డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లమ్మా అంటే వింటుంది.

చీటీల డబ్బా

ప్రశ్నలు లేచి నిలబడి అడగమంటే వచ్చేవి రెండే రకాలు. సెల్‌ఫోన్ల మీద ఉపన్యాసాలు, ఈకాలం పిల్లల మీద ఉపన్యాసాలు. పేరు రాయకుండా చీటీ వేయమంటే అసలు ప్రశ్నలొస్తాయి.

పోలీసు కేసు అవుతుందా అన్న చీటీ రాకుండా ఉండదు. ఆ భయంతో ఆసుపత్రికి వెళ్లకుండా ఇంట్లోనే కట్టుకట్టేవాళ్లున్నారు. చనిపోవాలన్న ఉద్దేశం లేని గాయం ఎప్పుడూ ఆత్మహత్యాయత్నం కాదు. ఇక ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, విచారణా శిక్షా ఉండకూడదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెప్పింది. అది 2018 మే నుంచి అమల్లో ఉంది. పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఆసుపత్రిలో వివరాలు రాసుకుంటారు, అడుగుతారు. దానికి భయపడి బిడ్డకు వైద్యం ఆపకూడదు.

‘మా వాడికి ప్రమాదం ఎంతుందో చెప్పే టెస్టు ఏమైనా ఉందా?’ ఇది కాస్త చదువుకున్న నాన్నల చీటీ. మార్కులు వేసి తేల్చే అలాంటి స్కేళ్లు ఉన్నాయి. ఎవరు మళ్లీ చేసుకుంటారో, ఎవరు ఆత్మహత్య చేసుకుంటారో వాటితో అంచనా వేయొద్దని నైస్ సంస్థ 2022లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో డాక్టర్లకే చెప్పింది. ఆ బిడ్డ అవసరాలేంటో కూర్చుని మాట్లాడి తెలుసుకోవడమే దారి. మనసు విప్పే చికిత్సలున్నాయి, ఆవేదన పొంగినప్పుడు దాన్ని దాటే నేర్పు నేర్పేవి ఉన్నాయి. మాత్రతో మర్నాటికి తగ్గిపోయే జబ్బు కాదని మాత్రం ముందే చెప్పేయాలి.

ఆడపిల్లల సమస్యేనా ఇది, అని ఒకరు రాస్తారు. కాదు. మగపిల్లలు ‘ఆటలో తగిలింది’ అంటారు, మనం నమ్ముతాం.

‘జీవితాంతం ఇంతేనా?’ చీటీల్లో అన్నింటికన్నా చిన్నది ఇది, చాలాసార్లు రాతలో వణుకు కనిపిస్తుంది. దీనికి మంచి జవాబే ఉంది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1992లో టీనేజీ పిల్లలను ఎంచుకుని 2008 దాకా, వాళ్లు ముప్ఫై దగ్గరపడేవరకూ గమనించారు. టీనేజీలో తమను గాయపరచుకున్నవారిలో పది మందికి తొమ్మిది మంది పెద్దయ్యాక ఆ పని చేయలేదు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది ఆ అధ్యయనం. అయితే అదే అధ్యయనం ఇంకో మాట కూడా అంది. టీనేజీలో డిప్రెషన్, ఆందోళన ఉన్నవారికి పెద్దయ్యాక ముప్పు ఎక్కువ. వయసొస్తే అదే పోతుందిలే అని వదిలేయడానికి ఈ లెక్కను వాడుకోకూడదు.

సెషన్ మొదట్లోనే చెప్పాల్సిన ఓ మాటను కొత్తవాళ్లు మర్చిపోతుంటారు. ‘మధ్యలో లేచి వెళ్లాలనిపిస్తే వెళ్లొచ్చు, ఎవరూ ఎందుకని అడగరు.’ ఆ వెళ్లినవాళ్ల కోసం తలుపు దగ్గర ఇంకో మనిషి ఉండాలి, మంచినీళ్ల గ్లాసుతో. అందుకే ఈ పని ఒక్కరు చేసేది కాదు. సెషన్ అయ్యాక కనీసం గంటసేపు అక్కడే ఉండాలి. టీ తాగి, కుర్చీలు సర్దేశాక, అందరూ వెళ్లిపోయాక ఎవరో ఒకరు స్తంభం పక్కన మిగులుతారు. ‘మా పక్కింటి వాళ్లమ్మాయి...’ అంటూ మొదలుపెడతారు. పక్కింటి వాళ్లమ్మాయి ఎవరో అడగక్కర్లేదు. అప్పుడు చేతిలో పెట్టడానికి ఓ కాగితం సిద్ధంగా ఉండాలి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏ గదిలో, ఏ రోజుల్లో ఉంటుందో ఫోన్ చేసి ముందే కనుక్కుని రాసిన కాగితం. దాని కిందే కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ముందు వరస కుర్చీల్లో ఎవరు కూర్చోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. కోర్టు బోధనేతర సిబ్బంది పేరు ఊరికే ఎత్తలేదు. పక్కదుప్పటి మీద మరక మొదట చూసేది ఆయా. రెండు రోజులుగా కంచం ముట్టని పిల్లాడెవరో తెలిసేది వంటమనిషికి. రాత్రి రెండింటికి టెర్రస్ మెట్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న పిల్ల కనబడేది వాచ్‌మన్‌కి. సెషన్ రోజున వీళ్లకే డ్యూటీలు పడతాయి, హాలు ఊడవడానికీ బిస్కెట్లు పంచడానికీ. ఆ ఒక్క గంటా గేటు దగ్గర ఇంకెవరినైనా నిలబెట్టి వాళ్లను కూర్చోబెట్టాలి. 14416 నంబరును హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో పెట్టాలని కూడా ఆ తీర్పులో ఉంది. అతికించేది ప్రిన్సిపాల్ గది బయట అద్దాల బోర్డులో కాదు. అక్కడ ఆగి నంబరు రాసుకునే ధైర్యం ఏ పిల్లకీ ఉండదు. బాత్రూమ్ తలుపు లోపలివైపు, కంటి ఎత్తులో.